రెండు పందుల కోసం అంత దూరమా?

చిన్నమ్మడికీ, బుజ్జిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో చిన్నమ్మడు అడిగిన మాట నన్ను ఇంకా వదల్లేదు. బళ్లో మిమ్మల్ని మెల్‌బోర్న్ పాత జైలుకి తీసుకెళ్లి, 1880 నవంబరు 11న పేరుమోసిన బందిపోటు నెడ్ కెల్లీని ఉరితీసిన చోటు చూపించారట కదా. వాళ్ల నాన్న ఐర్లండులో రెండు పందులు దొంగిలిస్తే ఓడెక్కించి ఆస్ట్రేలియాకి పంపేశారని చెప్పారట. "రెండు పందులకే అంత దూరమా తాతయ్యా?" అన్నావు. జవాబు చెప్పేలోపు ఫోను తెగిపోయింది.

ఆయన పేరు జాన్ కెల్లీ. జుట్టు ఎర్రగా ఉండేదని రెడ్ అనేవారు. టిప్పరరీ ప్రాంతం వాడు. 1841లో కాషెల్ కోర్టు ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేసింది. మనవాళ్లని అండమాను పంపేవారే, అలాంటిదే. ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఐర్లండులో పేదవాడు తినేది బంగాళదుంప, పందిని అమ్మి భూస్వామికి కౌలు కట్టేవాడు. పంది పోతే కౌలు పోయినట్టే, కౌలు పోతే గుడిసె పోయినట్టే. పోగొట్టుకున్న ఇంటికి అది చిన్న నష్టం కాదు. అయినా ఆ తప్పుకి మనిషిని ప్రపంచం ఆ చివరికి విసిరెయ్యడం న్యాయమని నేను అనలేను.

ఓడెక్కినవాడి బతుకు ఎలా ఉండేదంటావా? ఆకుమడి తలుచుకో. ఊడ్పుల రోజుల్లో ఆకు పీకి, వేళ్ల మట్టి నీళ్లలో జాడించి, కట్టలు కట్టి, గట్టు మీంచి దమ్ము చేసిన చేలోకి విసురుతారు. ఆ విసిరే పని నాది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఒకసారి ఆటలో పడి ఒక కట్ట గట్టు మీదే మర్చిపోయాను. మర్నాటికి ఆకులు సురసురా వాడి, పసుపుపచ్చగా తిరిగిపోయాయి. మా నాయనమ్మ తిట్టలేదు. "దీన్నీ ఓ మూల పాతరా, ప్రాణం ఉంటే అదే లేస్తుంది" అంది. నేనే పాతాను. రోజూ పొద్దున్నే వెళ్లి చూసేవాణ్ని. వారం తర్వాత నడిమి ఆకొకటి సూదిలా పచ్చగా లేచింది. ఆ పచ్చదనం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది.

ఓడ అంటే ఆ కట్ట అన్నమాట. నెలల తరబడి సముద్రం మీద, కింది అరలో, ఒకరి పక్కన ఒకరు. రెడ్ కెల్లీ 1842 జనవరిలో వాన్ డీమెన్స్ ల్యాండులో దిగాడు. దాన్నే ఇప్పుడు టాస్మేనియా అంటున్నాం. దిగిన మొదట్లో ఆకు పసుపుపచ్చబడే రోజులు. గుంపుల్లో సర్కారు పని. రోడ్లు వెయ్యాలి, రాళ్లు కొట్టాలి, మానులు నరకాలి. ఎదురు మాట్లాడినా, తాగినా, పారిపోయినా గుమాస్తా పుస్తకంలో ఎక్కించేవాడు. నడత బాగుంటే కొన్నేళ్లకి 'టికెట్ ఆఫ్ లీవ్' అనే కాగితం వచ్చేది. సొంతంగా కూలి చేసుకోవచ్చు, కానీ చెప్పిన ప్రాంతం దాటకూడదు. రెడ్‌కి అది 1845లో దొరికింది. సూదిమొన పచ్చదనం అదే. 1848లో పూర్తిగా విడుదలయ్యాడు. కానీ తిరుగు ఓడకి డబ్బెవరిస్తారు? ఇంటికి తిరిగి వెళ్లగలిగినవాళ్లు చాలా తక్కువ. ఆయన మీ విక్టోరియా వైపు దాటుకొచ్చి, 1850లో ఎలెన్ క్విన్‌ని పెళ్లి చేసుకున్నాడు. పిలకలు వేసింది పైరు.

ఇలా ఐర్లండు నుంచి సుమారు 40,000 మందిని పంపారు. అందరూ దొంగలు కారు. దొరతనం మీద తిరగబడ్డవాళ్లూ ఉన్నారు. 1868 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా చేరిన ఆఖరి ఓడలో అలాంటివాళ్లే 62 మంది.

ఇక్కడిదాకా రాసి ఆగాను. నా పోలికలో తప్పుంది, చిన్నమ్మడూ. మేము ఊడ్చింది దమ్ము చేసి పెట్టుకున్న మా చేలో. వీళ్లని నాటింది అప్పటికే వేరేవాళ్లు బతుకుతున్న నేలలో. మీ బడి సభల్లో ముందుగా అక్కడి మూలవాసులైన వురుండ్జెరి వాళ్లని తలుస్తారని మీ అమ్మ చెప్పింది. ఆ నేల వాళ్లది. తన పల్లెలో భూమి లేక నలిగినవాడే ఇంకొకరి భూమి పోవడంలో భాగమయ్యాడు. దీన్ని మీకెలా విడమర్చాలో నాకు చేతకావడం లేదు. మీరు పెద్దయ్యాక మీరే ఆలోచించండి.

రెడ్ కెల్లీ 1866లో మీ విక్టోరియాలోనే ఆవెనెల్ అనే ఊళ్లో చనిపోయాడు. ఆ చావు నమోదు చేయించింది పదకొండు పన్నెండేళ్ల నెడ్. బుజ్జిగాడి కంటే రెండేళ్లే పెద్ద.

ఈసారి సెలవుల్లో నాన్నని అడిగి బెవరిడ్జ్ అనే ఊరు వెళ్లండి. 1859లో రెడ్ కట్టుకున్న ఇల్లు ఇంకా ఉంది. రోడ్డు మీంచైనా చూసి రండి. ఆ తర్వాత టాస్మేనియా ఖైదీల దస్తావేజులు కంప్యూటర్లో తెరవండి, అందరూ చూడొచ్చు. ఎవరిదైనా ఒక్క ఐరిష్ మనిషి పేజీ చాలు. ఎత్తెంత, కళ్ల రంగేమిటి, ఏ ఊరు అని రాసి ఉంటుంది. ఇంటి దగ్గర ఎవరెవరు మిగిలారో కూడా చాలామందికి రాశారు. పాత చేతిరాత కదా, ఓపిగ్గా కూడబలుక్కుంటూ చదవండి. ఆ మనిషి అమ్మ పేరు కనిపిస్తే నాకు రాయండి.

మీ తాతయ్య