పుర్రె కిరీటం నుంచి నల్ల టోపీ దాకా: మృత్యుచిహ్నాలపై అపోహలు - వాస్తవాలు

ప్రతిమాలక్షణ శాస్త్రం బోధించడం నా వృత్తి. పుర్రెలు పొదిగిన కిరీటాల ముందు, సమాధుల్లో దొరికిన శిరోభూషణాల ముందు నిలబడినవారు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే తీరులో ఉంటాయి. పుర్రె కనబడగానే క్షుద్రపూజ అనో, హింస అనో అనుకోవడం సహజమే. అయితే అది ఎవరి తలపై ఉంది, ఏ సందర్భంలో ధరించారు, దాని పక్కన ఇంకేమి ఉన్నాయి అన్నవి చూడకుండా అర్థం చెబితే ఆ సంప్రదాయానికి అన్యాయం చేసినవాళ్లమవుతాం.

అపోహ: టిబెటన్ బౌద్ధ మూర్తుల తలపై ఉండే ఐదు పుర్రెల కిరీటం నరబలికి గుర్తు.

ఇంతగా అపార్థానికి గురైన శిరోభూషణం మరొకటి లేదనిపిస్తుంది కనుక దీని గురించి కొంత వివరంగా చెప్పాలి. టిబెట్‌లో ప్రధానమైన తాంత్రిక శాఖ అయిన వజ్రయాన బౌద్ధంలో శాంతమూర్తులు ఐదు దళాల రత్నకిరీటాన్ని ధరిస్తారు. మహాకాలుడి వంటి ఉగ్రమూర్తులకు ఆ ఐదు దళాల స్థానంలో ఐదు పుర్రెలు ఉంటాయి. రెండు కిరీటాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే నిర్మాణం ఒకటేనని తెలుస్తుంది. చాలా ప్రతిమల్లో ఒక్కొక్క పుర్రె పైనా ఒక రత్నాన్ని కూడా నిలబెడతారు. ఈ ఐదింటిని వైరోచనుడు, అక్షోభ్యుడు, రత్నసంభవుడు, అమితాభుడు, అమోఘసిద్ధి అనే ఐదుగురు బుద్ధులతోనూ, వారి ఐదు జ్ఞానాలతోనూ ముడిపెట్టి వ్యాఖ్యానిస్తారు. మోహం, ద్వేషం, అహంకారం, రాగం, ఈర్ష్య అనే ఐదు విషాలు సాధన వల్ల ఆ ఐదు జ్ఞానాలుగా మారతాయన్నది సిద్ధాంతం. కాబట్టి అక్కడ చచ్చినది శత్రువు కాదు, సాధకుడి అజ్ఞానమే. ఉగ్రమూర్తుల మెడలోని యాభై తలల మాలకు కూడా సంస్కృత వర్ణమాలలోని పదహారు అచ్చులు, ముప్పైనాలుగు హల్లులు అనే అన్వయం ఉంది.

నిజమైన మానవ అస్థులతో చేసిన క్రతు ఆభరణాలు ఆ సంప్రదాయంలో ఉన్నాయన్నది వాస్తవమే, దాన్ని దాచవలసిన అవసరం లేదు. అయితే వాటి వెనుక ఉన్నది శ్మశాన సాధన. దేహం అనిత్యమని నోటితో చెప్పడం వేరు, ఆ ఎముకనే ఒంటిపై ధరించి ధ్యానం చేయడం వేరు.

ఈ భావన మనకు పరాయిది కూడా కాదు. చోళుల కాలపు నటరాజ కంచు విగ్రహాన్ని చూసేటప్పుడు అందరి దృష్టీ ఎత్తిన పాదం మీదా, చుట్టూ ఉన్న జ్వాలావలయం మీదా నిలిచిపోతుంది. నా విద్యార్థులను మాత్రం ముందుగా తల దగ్గర ఆగమంటాను. అక్కడ నెలవంక, ఉమ్మెత్త పువ్వు, విరబోసిన జడల్లో చేతులు జోడించిన గంగ, వాటితో పాటు ఒక చిన్న పుర్రె కనిపిస్తాయి. శిల్పి చంద్రుణ్ణి, పువ్వును, పుర్రెను ఒకే శ్రద్ధతో మలిచాడు. సృష్టి, లయ రెండూ ఆ నాట్యంలోనే ఉన్నాయని చెప్పే మూర్తికి అలంకారంలోనూ ఆ రెండూ ఉండటమే ఉచితం. ఈ విగ్రహానికి భక్తితో నమస్కరించే మనమే హిమాలయాల అవతల కనిపించే పుర్రె కిరీటాన్ని చూసి జంకడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

అపోహ: టిబెటన్ మఠాల్లో నల్ల టోపీలు ధరించి చేసే నృత్యం మంత్రగాళ్ల హత్యాక్రతువు.

వెడల్పాటి అంచు ఉన్న ఆ టోపీ పైభాగంలో పుర్రె చిహ్నం, నెమలి ఈకలు ఉంటాయి. బౌద్ధాన్ని అణచివేసిన లాంగ్‌దర్మ అనే రాజును 842లో ల్హలుంగ్ పెల్గ్యి దోర్జే అనే భిక్షువు నృత్యం చేస్తూ దగ్గరకు చేరి, పొడవాటి చేతుల దుస్తుల్లో దాచిన విల్లుతో బాణం వేసి చంపాడని సంప్రదాయ కథనం. ఈ కథ విన్నవారు నృత్యం మొత్తాన్నీ ఆ వధకు పునరభినయంగా భావిస్తారు. కానీ క్రతువులో ఖండించేది పిండితో చేసిన మనిషి బొమ్మను. అహంకారాన్నీ, విఘ్నాలనూ అందులోకి ఆవాహన చేసి, ఆపైన దాన్ని ఛేదిస్తారు. ఇతర పాత్రధారులు ముసుగులు ధరించినా, నల్ల టోపీ నర్తకులు మాత్రం ముసుగు లేకుండానే ఆడతారు.

అపోహ: సైనికుల టోపీపై పుర్రె చిహ్నం నాజీలు సృష్టించినది.

1741లో ప్రష్యాలో ఏర్పడిన 5వ హుస్సార్ అశ్వికదళం నల్లని దుస్తులు, ఎత్తైన టోపీపై పుర్రె, ఎముకల గుర్తు ధరించింది. బ్రిటన్‌లో, 1759లో కెనడాలోని క్యూబెక్ యుద్ధంలో జనరల్ జేమ్స్ వుల్ఫ్ మరణించిన తర్వాత కల్నల్ జాన్ హేల్ నెలకొల్పిన దళం, అంటే తర్వాతి కాలపు 17వ లాన్సర్లు (ఈటెలు పట్టిన అశ్వికదళం), ‘మరణం లేదా కీర్తి’ అనే భావంతో పుర్రె చిహ్నాన్ని స్వీకరించింది. ఆ పుర్రెలో ప్రత్యర్థికి బెదిరింపు ఉన్నమాట నిజమే; దానితో పాటు సేనాని మరణ స్మరణ, తమ ప్రాణాలివ్వడానికి వెనుదీయమన్న ప్రతిజ్ఞ కూడా ఉన్నాయి. ఇంత పాత గుర్తునే నాజీ పార్టీ సాయుధ విభాగమైన ఎస్.ఎస్. దళం తన టోపీలపైకి ఎక్కించుకుంది. నిర్బంధ శిబిరాల కాపలా దళాలకు ఆ పుర్రె పేరే పెట్టారు. ఆ ఘోరాల తర్వాత యూరప్‌లో ఈ చిహ్నాన్ని అమాయకంగా చూడటం ఎవరికీ సాధ్యం కాదు, చూడకూడదు కూడా. చరిత్ర చెప్పేవారు రెండు దశలనూ విడివిడిగా, రెండింటినీ పూర్తిగా చెప్పాలి.

అపోహ: మెక్సికోలో పెద్ద టోపీ ధరించిన అస్థిపంజర వనిత ప్రాచీన అజ్టెక్ దేవత.

చనిపోయినవారి పండుగకు మూలాల్లో ప్రాచీన విశ్వాసాల పాలు ఉన్నా, పువ్వులూ ఈకలూ ఉన్న టోపీతో ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ రూపం మాత్రం హోసే గ్వాదలూపె పోసాదా అనే చిత్రకారుడిది. 1913లో మరణించిన ఆయన తన చివరి సంవత్సరాల్లో దాన్ని చెక్కాడు. తమ మూలవాసీ వంశాన్ని దాచుకుని యూరోపియన్ ఫ్యాషన్లను అనుకరించేవారిపై ఎక్కుపెట్టిన వ్యంగ్యం అది. ఆ టోపీయే అసలు విమర్శ. పోసాదా తల, టోపీ మాత్రమే గీశాడు. 1947లో పూర్తిచేసిన తన కుడ్యచిత్రంలో మెక్సికో చిత్రకారుడు దియేగో రివేరా ఆమెకు నిలువెత్తు రూపం, దుస్తులు ఇచ్చాడు.

అపోహ: ఇంగ్లండ్ న్యాయమూర్తులు మరణశిక్ష చదివేటప్పుడు ధరించిన నల్ల టోపీ మృత్యువుకు ప్రతీకగా తయారైనది.

నిజానికి అది టోపీ ఆకారంలో కూడా ఉండదు. విగ్గు మీద ఒక కొన ముందుకు వచ్చేలా పరచుకునే నలుచదరపు నల్ల గుడ్డ అది. ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్ రాజవంశ కాలపు ఆస్థాన శిరోవస్త్రం నుంచి వచ్చింది. అతి గంభీరమైన ప్రకటన చేసేటప్పుడు తల కప్పుకోవడం మర్యాదగా భావించేవారు. మరణశిక్షతో తరతరాలుగా కలిసి కనబడటం వల్ల మాత్రమే జనం మనసులో అది మృత్యుచిహ్నమైంది. బ్రిటన్‌లో చివరి ఉరిశిక్షలు 1964 ఆగస్టు 13న అమలయ్యాయి. హత్యకు మరణశిక్షను 1965లో నిలిపివేసి, 1969లో శాశ్వతంగా రద్దు చేశారు. ఆ గుడ్డ మాత్రం ఉత్సవ వేషధారణలో భాగంగా ఇంకా మిగిలి ఉంది.

తలారులందరూ నల్ల ముసుగు వేసుకునేవారన్న నమ్మకం కూడా ఇలాంటిదే. యూరప్ నగరాల్లో తలారి ఎవరో ఊరందరికీ తెలుసు. 1649లో ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్‌ను వధించినవారు మారువేషంలో రావడం ప్రత్యేక సందర్భం.

అపోహ: ప్రాచీన ఈజిప్టు రాజు (ఫరో) టుటన్‌ఖామున్ బంగారు ముసుగు ఆయన ధరించిన రాజకిరీటం.

ఆ ముసుగు తలపై ఉన్న నీలం, బంగారు చారల భాగం కిరీటం కాదు, నెమెస్ అనే తలగుడ్డకు లోహంలో చేసిన రూపం. నుదుటిపై ఉన్న రాబందు, నాగుపాము ఈజిప్టు రెండు భాగాలను కాపాడే దేవతలు. 1922లో సమాధి బయటపడి, 1925లో మమ్మీ కట్లు విప్పినప్పుడు ఆయన తలపై బంగారు పట్టీ, దాని అడుగున పూసలతో నాగుపాములు కుట్టిన సన్నని నారబట్ట టోపీ దొరికాయి. చిత్రాల్లో, శిల్పాల్లో ఫరోల తలపై కనబడే తెలుపు, ఎరుపు జంట కిరీటం మాత్రం అక్కడే కాదు, ఇప్పటివరకు తవ్విన ఏ రాజ సమాధిలోనూ దొరకలేదు.