ఏ పువ్వు దేన్ని చూసి పూస్తుంది?

విశాఖపట్నంలో పూలమ్మే గంపల్లోకి తొంగిచూస్తే ఏ నెల నడుస్తోందో దాదాపుగా చెప్పవచ్చు. సంక్రాంతికి ముందు బంతి, చామంతి, డిసెంబరాలు వస్తాయి; ఎండ ముదిరేసరికి మల్లెలు దిగుతాయి; ఆ వెనుకే సింహాచలం సంపెంగలు, వానలు పడ్డాక జాజులు, పారిజాతాలు. ‘కాలం వచ్చింది, పూశాయి’ అని మనం ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం గాని, కాలం వచ్చిందని తెలుసుకునే మార్గం ఒక్కో మొక్కకు ఒక్కో తీరుగా ఉంటుంది. చామంతి రాత్రి నిడివిని కొలుస్తుంది, మల్లె కొత్త చిగుళ్ళ మీద ఆధారపడుతుంది, కాఫీ మొగ్గ తొలి వానకోసం కాచుకొని ఉంటుంది. పెరటి మొక్క పూయనప్పుడు మనం ముందుగా ఎరువును తలుచుకుంటాం. అది ఏ గుర్తుకోసం ఎదురుచూస్తోందో ఆలోచించేవారు తక్కువ.

ముందు చామంతి సంగతి చూద్దాం. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఇక్కడ జూన్ చివర పగలు 13 గంటలకు, డిసెంబరు చివర 11 గంటలకు కొద్దిగా పైన ఉంటుంది. అంటే ఏడాది మొత్తంలో పగటి నిడివి మారేది రెండు గంటల మేరకే. ఉత్తర దేశాలతో పోలిస్తే ఇది చాలా స్వల్పమైన మార్పే అయినా, దానిని పసిగట్టే యంత్రాంగం మొక్కల ఆకుల్లో ఉంది. ఈ విషయం 1920లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్ ప్రచురించిన పరిశోధనతో వెలుగులోకి వచ్చింది. ‘మేరీల్యాండ్ మామత్’ అనే పొగాకు రకం వేసవి పొలంలో పూత లేకుండా ఏపుగా పెరుగుతూ పోయేది, అదే చలికాలంలో గాజు గదిలో పెంచితే చిన్నగా ఉండగానే పూసేది. వాళ్ళు మొక్కలను సాయంత్రం కాకముందే చీకటి గదిలోకి చేర్చి పగటిని కృత్రిమంగా కుదించగా, వేసవిలోనే పూత వచ్చింది.

అయితే మొక్క నిజంగా కొలిచేది పగటిని కాదు, రాత్రిని. మన రోడ్ల పక్క ఖాళీ స్థలాల్లో బట్టలకు అంటుకునే ముళ్ళకాయలతో పెరిగే మరులమాతంగి మొక్క మీద హామ్నర్, బానర్ 1938లో ప్రచురించిన ప్రయోగాలు ఈ సంగతి తేల్చాయి. పగటి మధ్యలో కాసేపు చీకటి చేసినా మొక్క పట్టించుకోలేదు. పొడవైన రాత్రి నడుమ కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే మాత్రం పూత ఆగిపోయింది. ఆకులో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఎరుపు కాంతి తగిలినప్పుడు చురుకైన రూపంలోకి మారి, చీకట్లో నెమ్మదిగా పూర్వరూపానికి తిరిగివస్తుంది. మొక్కలోని అంతర్గత గడియారంతో కలిసి ఇదే రాత్రి నిడివిని లెక్కకడుతుంది. నడుమ దీపం పడితే ఆ లెక్క చెడిపోతుంది.

కాలాన్ని గుర్తించేది ఆకు, పూసేదేమో కొమ్మ చివర. మరి కబురు మోసేది ఏది? సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలఖ్యాన్ 1930లలో ఈ ప్రశ్నకు చామంతి మొక్కనే తీసుకున్నాడు. కొనకు పొడవైన పగటినీ, కింది ఆకులకు పొట్టి పగటినీ చూపించినా మొక్క పూసింది. కాబట్టి ఆకు నుంచి కొనకు ఏదో పదార్థం ప్రయాణిస్తోందని ఊహించి దానికి ‘ఫ్లోరిజెన్’ అని పేరుపెట్టాడు. ఆ పదార్థం దొరకడానికి దాదాపు డెబ్బై ఏళ్ళు పట్టింది. 2007లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోనూ, వరిలోనూ జరిగిన పరిశోధనలు అది ఆకులో తయారై కొనకు చేరే ఒక చిన్న ప్రోటీన్ అని నిర్ధారించాయి.

నగరంలో చామంతి పెంచేవారికి దీనితో నేరుగా పని ఉంది. వీధిదీపం వెలుగు రాత్రంతా పడే బాల్కనీలో కుండీ పెడితే, ఎంత మంచి ఎరువు వేసినా మొక్క ఆకులు వేస్తూనే ఉండిపోవచ్చు. అక్టోబరు మొదలు దానిని రాత్రిపూట దీపం వెలుగు సోకని మూలకు జరిపితే చాలు. పూలు మార్కెట్టుకు ఆలస్యంగా రావాలనుకునే రైతులు ఇదే సూత్రాన్ని తిరగేసి, అర్ధరాత్రి చామంతి తోటల్లో బల్బులు వెలిగిస్తారు. బంతికి ఇంత పట్టింపు లేదు. పొడవైన రాత్రులు దాని పూతను త్వరపెడతాయే తప్ప, అవి లేకపోయినా అది పూయడం మానదు. మన పండుగల్లో చాలావరకు చాంద్రమానం ప్రకారం ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. సంక్రాంతి మాత్రం సూర్యుణ్ణి అనుసరించే పండుగ కనుక, గొబ్బెమ్మల మీదికి బంతి, చామంతి ఏనాడూ తప్పిపోవు.

మల్లె లెక్క వేరు. గుండుమల్లె మొగ్గలు కొత్తగా వచ్చిన చిగురు కొమ్మల చివర తొడుగుతాయి కాబట్టి, చలికాలంలో నీరు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, మొదట్లో మట్టి గుల్ల చేసి ఎరువు వేసి మళ్ళీ నీరు పెడతారు. అప్పటిదాకా విశ్రాంతిలో ఉన్న కణుపులన్నీ ఒక్కసారి చిగురించడంతో, వేడెక్కుతున్న వాతావరణంలో మొగ్గ విరివిగా వస్తుంది. జాలిపడి కత్తెర పెట్టని చెట్టు గుబురుగా పెరుగుతుంది గాని పూలు పలచబడతాయి. మొగ్గ విచ్చేది సాయంత్రం, పరిమళం విడుదలయ్యేదీ అప్పుడే. చీకట్లో ఎగిరే రెక్కల పురుగులను రప్పించుకునే పూలకు తెలుపు, సువాసన రెండూ అక్కరకు వస్తాయి. పారిజాతానిదీ అదే దారి.

కొండల్లో పూత వేళలను ఇంకొక సమస్య నిర్ణయిస్తుంది. తూర్పు కనుమల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా నేలలో తేమ తక్కువ. అయినా మోదుగ, బూరుగ, కొండగోగు సరిగ్గా ఆ ఎండు నెలల్లోనే, ఆకు లేని కొమ్మల మీద పూస్తాయి. చెట్టు నీటిని ఎక్కువగా పోగొట్టుకునేది ఆకుల ద్వారానే; వాటిని రాల్చేశాక వేర్లు పీల్చిన కాస్త నీరూ కాండంలో నిలిచి, మొగ్గలు విచ్చడానికి ఉపయోగపడుతుంది. ఆకు అడ్డం లేనందువల్ల పువ్వు దూరానికి కనబడుతుంది కూడా. మోదుగ, బూరుగ పూల తేనెకోసం పగలంతా పక్షులు మూగుతాయి. ఇప్ప పూలు మాత్రం రాత్రి పని చేస్తాయి. తియ్యని ఆ పూలకు గబ్బిలాలు వస్తాయి, తెల్లవారేలోగా రాలిన వాటిని మన్యంలో ఏరుకుంటారు.

కొండగోగు, తంగేడు, రేల పూలలో గమనించదగ్గ సంగతి మరొకటి ఉంది. వీటి కేసరాల్లో చాలావాటి పుప్పొడి తిత్తులు నిలువునా చీలకుండా, సన్నని రంధ్రాలతోనే తెరుచుకుంటాయి. నల్లని పెద్ద తుమ్మెద పువ్వును పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను కంపింపజేసినప్పుడు, ఉప్పుడబ్బా కుదిపినట్టు పుప్పొడి బయటికి రాలుతుంది. ఎగురుతున్నప్పటి మోతకూ అప్పటి మోతకూ తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. మన తేనెటీగలకు ఈ విద్య రాదు. తుమ్మెదలు గూడు తొలుచుకునే ఎండు కొమ్మలనూ పాత దుంగలనూ చెత్తగా ఎంచి పూర్తిగా తొలగించే ఉద్యానాలు తమ రేలచెట్లకు మేలు చేస్తున్నాయని నేను అనుకోను.

అరకు వైపు వెళితే ఒకే కొండ మీద రెండు రకాల లెక్కలు పక్కపక్కనే కనబడతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో వాలులను పసుపుగా మార్చే వలిసెలు ఇథియోపియాకు చెందిన నూనెగింజ పంట; చామంతిలాగే పొడవైన రాత్రులకు పూస్తుంది కనుక ఏటా దాదాపు అవే వారాల్లో విరగబూస్తుంది. ఒక మొక్క పుప్పొడితో అదే మొక్క సరిగా గింజ పట్టదు కాబట్టి, ఆ చేలకు తేనెటీగలు తప్పనిసరి. కాఫీ మొగ్గలు ఎండు నెలల్లో కొద్దిగా పెరిగి, తర్వాత నిద్రావస్థలోకి పోతాయి. ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ లోగా ఒక మంచి వాన పడి వాతావరణం చల్లబడితే, సుమారు ఎనిమిది నుంచి పది రోజుల్లో తోట మొత్తం ఒక్కసారిగా తెల్లగా పూసి, రెండు మూడు రోజుల్లో వాడిపోతుంది. వాన అరకొరగా పడితే మొగ్గ సగంలో ఆగి ఎండిపోతుంది. వలిసెల పూత చూడాలంటే ముందే ప్రయాణం నిర్ణయించుకోవచ్చు. కాఫీ పూతకు మాత్రం వాన కబురు వినాలి.

కరువును చూసి పూసే మొక్క ఇళ్ళలోనూ ఉంది, అది కాగితపు పూల చెట్టు. దక్షిణ అమెరికాకు చెందిన బోగన్‌విల్లియాలో మనం పువ్వనుకునే రంగు భాగం నిజానికి మారిన ఆకు. అసలు పువ్వు దాని నడుమ ఉన్న సన్నని తెల్లని గొట్టం. రోజూ నీరు పోస్తే ఇది ఆకు మీద పడుతుంది. కుండీలో పైమట్టి బాగా ఆరనిచ్చి, నత్రజని ఎరువు తగ్గించి, నిండు ఎండలో ఉంచితే రంగు తేలుతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది నాభి అనే తీగ మొక్క. ఎండాకాలమంతా భూమిలో దుంపగా దాగి, వానలకు మొలిచి, ఆకు కొనలనే నులితీగలుగా చేసుకొని పొదలెక్కి, వానాకాలంలో పూస్తుంది. పసుపుగా విచ్చిన రేకులు రోజులు గడిచేకొద్దీ ఎర్రబడతాయి. అందం చూసి దుంప తవ్వి తెచ్చి పెరట్లో నాటుకోవాలని ఎవరికైనా అనిపించడం సహజమే. అయితే దుంప మొదలు గింజ దాకా మొక్కంతటా కాల్చిసిన్ అనే ప్రాణాంతకమైన విషం ఉంటుంది కనుక, చిన్నపిల్లలున్న ఇంట్లో దీనిని నాటకపోవడమే మంచిది.