బై, అన్‌టిల్: తప్పు తెలుగుది కాదు

అపోహ: ‘బై’, ‘అన్‌టిల్’ రెండూ ఒక్కటే, గడువు చెప్పడానికి ఏది వాడినా చెల్లుతుంది.

మహారాష్ట్రలోని సిరోంచాలో ఇంగ్లిష్ చెబుతున్న నాకు ఏటా ఎదురయ్యే పొరపాట్లలో పిల్లలకు ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఉద్యోగం కోసం రాసిన ఉత్తరంలో, 20వ తేదీ వరకు నాగపూర్‌లో ఉంటానని చెప్పబోయి ‘బై ద ట్వెంటియత్’ అని రాశాడు. అతడు 20కల్లా నాగపూర్ చేరతాడని అర్థం చేసుకున్నవారు 22న ఇంటర్వ్యూ పెట్టారు. అప్పటికే ఇల్లు చేరిన అతడు మళ్లీ అల్లపల్లి అడవిదారి బస్సు ఎక్కవలసి వచ్చింది.

ఒక స్థితి ఫలానా వేళ దాకా సాగితే ‘అన్‌టిల్’, ఆ వేళ దాటకుండా ఒక పని ముగిసిపోతే ‘బై’. మన ఊరు 1982 ఆగస్టు వరకు చంద్రపూర్ జిల్లాలో ఉండేది: ఇది ‘అన్‌టిల్’. ఆ ఏడాది చివరికల్లా గడ్చిరోలి జిల్లా ఏర్పడింది: ఇది ‘బై’.

అపోహ: ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లనే పిల్లలకు ఇంగ్లిష్ తికమక అవుతుంది.

ఈ మాట ప్రచారం చేసేవారిని చూస్తే నాకు ఓపిక నశిస్తుంది; దాన్ని నమ్మి, ఇంట్లో తెలుగు మాన్పించమంటారా అని దిగులుగా అడిగే తల్లులను చూస్తే జాలి కలుగుతుంది. మన పిల్లలు బడిలో ఇంగ్లిష్‌ను మరాఠీ ద్వారా నేర్చుకుంటారు. మరాఠీలో ‘సోమవార్‌పర్యంత్’ అంటే సోమవారం వరకు అనీ, సోమవారంకల్లా అనీ రెండు విధాలా అర్థం వస్తుంది; హిందీ ‘తక్’ కూడా అంతే. అమ్మ మాత్రం ‘చీకటి పడే వరకు ఆడుకో’ అనీ, ‘చీకటి పడేలోగా ఇంటికి రా’ అనీ వేరువేరుగానే చెబుతుంది. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకొని, ‘వరకు’ వస్తే ‘అన్‌టిల్’, ‘లోగా’ గాని ‘కల్లా’ గాని వస్తే ‘బై’ రాయమన్న నాటి నుంచి నా తరగతిలో ఈ తప్పు బాగా తగ్గింది.

‘టిల్’ అనేది ‘అన్‌టిల్’కు కుదింపనీ, ఉత్తరాలలో రాయకూడదనీ అంటారు. నిజానికి ‘టిల్’ అనే మాటే పాతది, నిస్సంకోచంగా రాయవచ్చు.

‘బై మండే’ అంటే సోమవారం కూడా గడువులోనిదే. అయినా దరఖాస్తు పట్టుకొని ఆ రోజు సాయంత్రం దాకా ఆగమని నేనెవరికీ చెప్పను.