దొంగ పిట్ట, గుమ్మడి వడియాలు

చిన్నూ, పండూ,

మొన్న వేసవిలో మనం ఇంగ్లండులో కెల్మ్‌స్కాట్ మేనర్ అనే పాత ఇల్లు చూసి తిరిగొస్తుంటే కారు వెనక సీట్లోంచి చిన్నూ ఒక మాట అడిగింది గుర్తుందా? "తాతయ్యా, దొంగతనం చేసిన పిట్టని ఎవరైనా కర్టెన్ మీద వేసుకుంటారా?" అని. వెంటనే పండు, "అసలు తోట బయటే ఉందిగా, మళ్లీ ఇంట్లో గోడల నిండా ఆకులూ పువ్వులూ ఎందుకు?" అన్నాడు. అప్పటికి మీ అమ్మ దారి తప్పి టెన్షన్‌లో ఉంది, అందుకే నేను నోరు మెదపలేదు. ఇప్పుడు పెడన దగ్గర మన ఊళ్లో అరుగు మీద కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

ముందు పిట్ట సంగతి. ఆ ఇల్లు 1600 ప్రాంతంలో కట్టింది. గుడ్డల మీదికీ గోడల మీదికీ ఆకులూ పువ్వుల డిజైన్లు గీసిన విలియం మోరిస్ దాన్ని 1871లో అద్దెకు తీసుకున్నాడు, 1896లో పోయేదాకా అద్దె కడుతూనే ఉన్నాడు తప్ప కొనుక్కోలేదు. పనంతా లండన్‌లో, ప్రాణమంతా అక్కడ. పెరట్లో స్ట్రాబెర్రీలు వేస్తే త్రష్ పిట్టలు వచ్చి తినిపోయేవి. మీరు చూశారుగా, మన గోరింకంత ఉంటుంది, పొట్ట నిండా గోధుమరంగు చుక్కలు. పండ్ల మీద వల కప్పినా కిందనుంచి దూరేవట. తోటమాలికి ఒళ్లు మండి వాటి పని పడతానంటే మోరిస్ వద్దన్నాడు. ఆ పిట్టల్నే 1883లో గుడ్డ మీదకి ఎక్కించాడు, పేరు కూడా 'స్ట్రాబెర్రీ దొంగ' అనే పెట్టాడు.

ఇక పండు ప్రశ్న. దీనికి మా అమ్మ, అంటే మీ ముత్తమ్మమ్మ, పెట్టే గుమ్మడి వడియాలతో జవాబు చెప్తాను, నవ్వకండి.

మా ఇంటి పెంకుల మీదికి బూడిద గుమ్మడి తీగ పాకేది. కాయ ముదిరాక అమ్మ దాన్ని కోసి, చిన్న ముక్కలు చేసి, ఉప్పూ పసుపూ వేసి గుడ్డలో మూట కట్టి, మీద సన్నికల్లు పెట్టేది. రాత్రంతా నీళ్లు కారిపోవాలి. పొద్దున్నే మినప్పిండి కలిపి, తడిపిన పాత పంచె డాబా మీద పరిచి, దాని మీద ముద్దలు పెట్టేది, అన్నీ ఒకే సైజు, వరసగా. నాలుగు ఎండలు తగిలితే డబ్బాలోకి ఎక్కేవి. ఆ వడియం చూసి అది గుమ్మడికాయని ఎవరైనా చెప్పగలరా? చెప్పలేరు. కానీ ముసురు పట్టి నాలుగు రోజులు బజారుకెళ్లలేని వేళ నాలుగు వేయించి పప్పులో నంజుకుంటే, పెంకుల మీద తీగ, దాని పచ్చపువ్వు, ఆ ఎండ, అన్నీ నోట్లోకి వచ్చేవి.

మోరిస్ చేసింది కూడా వడియాలు పెట్టడమే. తోటని ఉన్నదున్నట్టు గీయలేదు, నీళ్లు పిండేశాడు. మట్టి లేదు, పురుగు లేదు, తోటమాలి లేడు. మిగిలినదాన్ని వరసలు వరసలుగా పెట్టాడు. ఒక వరసలో పిట్టల జత ముక్కున పండు పట్టుకుని ఉంటుంది, ఇంకో వరసలో ముక్కు తెరిచి పాడుతుంటుంది, మళ్లీ పండు, మళ్లీ పాట, పంచె చివరిదాకా, అదే, గుడ్డ చివరిదాకా. నవంబరులో మీ పెరడు చూశాను కదా, నాలుగు గంటలకే చీకటి, ఒక్క ఆకు లేదు. అలాంటి దేశంలో గోడ మీద తోట ఉండటం అంటే డబ్బాలో వడియాలు ఉండటమే. మరి మినప్పిండి ఏది అంటావు పండూ, నువ్వు అడుగుతావు, నాకు తెలుసు. మినప్పిండి అంటే... సరే, పోలిక అక్కడిదాకా రాదు, వదిలేద్దాం.

ఆ గుడ్డ తయారుచేసిన తీరు వింటే ఇంకా బాగుంటుంది. తెల్లగుడ్డ మీద నీలం అద్దలేదు. ముందు గుడ్డంతా నీలిమందు తొట్టిలో ముంచి ముదురు నీలం చేసి, తర్వాత చెక్క అచ్చులతో రంగు పోగొట్టే మందు అద్దితే, బొమ్మ ఉన్నచోట తెల్లబడుతుంది. ఆపైన ఎరుపు, పసుపు. పసుపు నీలం మీద పడ్డచోట ఆకుపచ్చ. రోజుల తరబడి పట్టే పని, అందుకే ఖరీదు కూడా ఎక్కువే ఉండేది. ఆ రంగుల పని పట్టుబడేదాకా ఆయన చేతులు నీలంగానే ఉండేవట. మా చిన్నప్పుడు పెడనలో అచ్చులద్దేవాళ్ల వేళ్లు కూడా అంతే, అన్నం కలుపుతున్నా రంగు కనిపించేది. కరక్కాయ రసంలో, గేదెపాలలో నానబెట్టిన గుడ్డ వాసన, కాలవ గట్టు పొడుగునా ఆరేసిన కలంకారీ దుప్పట్లు! బడికి వెళ్తూ వాటి మధ్యనుంచి పరిగెత్తి తిట్లు తినేవాళ్లం. అసలు మోరిస్ పుట్టకముందే మన మచిలీపట్నం రేవునుంచి పూలచెట్ల గుడ్డలు ఓడలెక్కి ఇంగ్లండు ఇళ్లలో పరదాలయ్యాయి. జనం ఎంత ఎగబడ్డారంటే అక్కడి నేతగాళ్లు గోలపెట్టి, 1721లో అద్దకం గుడ్డల మీద చట్టమే తెప్పించారు. అంటే ఆ గోడల మీది తోటలో కాస్త మన మట్టి కూడా ఉందన్నమాట (ఇలా గొప్పలు చెప్పుకోవడం తాతల హక్కు).

నీలిమందులో ఇంకో విచిత్రం ఉంది. తొట్టిలోంచి తీసినప్పుడు గుడ్డ నీలంగా ఉండదు, పచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలమైపోతుంది. ఎందుకో మీ సైన్సు టీచర్ చెప్తారు. నాకైతే చూసిన ప్రతిసారీ, ఎందుకో అడగాలన్న ధ్యాసే ఉండేది కాదు.

పాత దొరల ఇళ్లలో ఇలా తోటని లోపలికి తెచ్చే ప్రదర్శనలు ఇప్పటికీ పెడుతున్నారు. డెర్బీషైర్‌లో చాట్స్‌వర్త్ అని ఉంది, తోటే 105 ఎకరాలు. 2025లో అక్కడ ఇంట్లో పూల మీదే ఒక ప్రదర్శన పెట్టారు. అన్నట్టు మనం తినే పచ్చ అరటిపండు జాతికి కావెండిష్ అన్న పేరు ఆ ఇంటివాళ్లదే, వాళ్ల తోటమాలి పాక్స్టన్ అద్దాల ఇంట్లో పెంచాడు. ఈసారి అమ్మని అక్కడికి తీసుకెళ్లమనండి, దారి ముందే చూసుకోమని కూడా చెప్పండి.

చిన్నూ, నీ ప్రశ్న మర్చిపోలేదు. మా డాబా మీద వడియాలకి కాపలా నేనే. చేతిలో కర్ర, పక్కన ఉండేలు. ఒక మధ్యాహ్నం కునుకు పట్టింది, లేచేసరికి ఒక మూల పంచె ఖాళీ, పిట్టగోడ మీద కాకులు. అమ్మ మోరిస్ కాదు, కాకుల్నీ నన్నూ కలిపి తిట్టింది. ఆ కోపంలో ఉండేలు గురిపెట్టి కొడితే ఒక కాకికి తగిలింది. చావలేదు కానీ రెక్క ఈడ్చుకుంటూ పోయింది. మిగిలినవి సాయంత్రందాకా మా ఇంటి మీద తిరుగుతూ అరుస్తూనే ఉన్నాయి, నేను డాబా ఎక్కలేదు. దొంగని కొట్టడానికి చూసే చూపు వేరు, గీయడానికి చూసే చూపు వేరు చిన్నూ. నేను డెబ్బై ఏళ్లుగా కాకుల్ని చూస్తున్నాను, కానీ కాకి మెడమీద బూడిదరంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీయమంటే ఇప్పటికీ చేతకాదు. ఆయనకి ఆ పిట్ట పొట్టమీది చుక్కలు తెలుసు.

మీ పెరట్లో చెర్రీ చెట్టుకి ఈ ఏడు కూడా కాయలు పడ్డాయని అమ్మ చెప్పింది, పిట్టలు ఒక్కటీ మిగల్చడం లేదని కూడా. వల కట్టేముందు ఒక పొద్దున ఇద్దరూ వంటింటి కిటికీ దగ్గర కూర్చోండి. ఫోన్ వద్దు, ఫొటో వద్దు. ఏ పిట్ట వచ్చింది, కాయని కొమ్మ మీదే పొడిచిందా, తెంపుకుని ఎగిరిపోయిందా, గింజ ఏం చేసింది, చూసి గీసి నాకు పంపండి. పండు బొమ్మలో పిట్టకి మూడు కాళ్లొచ్చినా పర్లేదు.

మీ
తాతయ్య