మీ బాల్కనీకి వచ్చే పిగిలిపిట్ట

పిల్లలూ,

మొన్న ఫోన్లో మీరు అడిగిన పిట్ట పేరు పిగిలిపిట్ట. బుల్‌బుల్ అని కూడా అంటారు. నల్లటి తల, దాని మీద నిక్కపొడుచుకున్న చిన్న జుట్టు అనగానే పోల్చుకున్నాను. ఈసారి వచ్చినప్పుడు తోక కింద చూడండి, కుంకుమ అద్దినట్టు ఎర్రగా ఉంటుంది. ఎగిరేటప్పుడు తోక మొదట్లో తెల్ల మచ్చ, చివర తెల్ల అంచు కనిపిస్తాయి. ఒంటి మీది గోధుమరంగు ఈకలకు లేత అంచులు ఉండటంతో దగ్గర్నుంచి పొలుసుల్లా అనిపిస్తుంది. పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, గోరింక కంటే కాస్త చిన్నది. ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

దట్టమైన అడవి దీనికి నచ్చదు. పొదలు, తోటలు, పెరళ్లు ఉంటే చాలు. అందుకే పల్లెలో చేను గట్టు మీదా, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల మధ్యా కనిపిస్తుంది. రేగుపళ్లు, మర్రిపళ్లు, ఎర్రగా పండిన దొండపళ్లు దీనికి చాలా ఇష్టం. తిన్న పళ్ల గింజలు రెట్టలో పడి ఎక్కడో మొలుస్తాయి. కంచె మీద ఎవరూ నాటని తీగ కనిపిస్తే అది ఈ పిట్ట పని కావచ్చు. తొలకరి వానలకు ఉసిళ్లు లేచినప్పుడైతే గాల్లోకి ఎగిరి మరీ పట్టుకుంటుంది. దీన్ని మనుషులు ఫిజీ, హవాయి దీవులకు తీసుకెళ్లి వదిలారు. అక్కడ తోటల్లో పళ్లు పాడుచేస్తూ రైతులకు పెద్ద బెడద అయింది. ఆ తప్పు పిట్టది కాదు, తీసుకెళ్లినవాళ్లది.

స్కూటర్ అద్దాన్ని ముక్కుతో పొడుస్తుంటే భయపడకండి. అద్దంలో కనిపించేది ఇంకో పిట్ట అనుకుని పోట్లాడుతుంది. అద్దం మీద గుడ్డ కప్పితే ఊరుకుంటుంది.

గూడు చాలా ఎత్తున కట్టదు. పొదలోనో, ఒక్కోసారి మన పూలకుండీలోనో కడుతుంది. సన్నటి పుల్లలు, వేళ్లు పేర్చి, సాలెగూడు దారాలతో బిగించిన చిన్న గిన్నె అది. అందులో రెండు మూడు గుడ్లు, లేత గులాబీ రంగు మీద ఎర్రటి మచ్చలతో ఉంటాయి. దాదాపు రెండు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పురుగులు తెచ్చి నోట్లో పెడతారు. పిల్లి గానీ పాము గానీ దగ్గరికొస్తే ఈ జంట చేసే గోలకి చుట్టుపక్కల పిట్టలన్నీ పోగవుతాయి. అంత అరుపు వినిపిస్తే వెళ్లి చూడండి, ఏదో ఉండే ఉంటుంది.

పెంచుకుందామని చిన్నోడు అడిగాడట. అది కుదరదు నాన్నా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టి పంజరంలో పెట్టడం నేరం. ఈకలు వచ్చిన పిల్ల కింద కూర్చుని ఉంటే పడిపోయిందనుకుని ఇంట్లోకి తేకండి. గూడు వదిలిన కొత్తలో సరిగ్గా ఎగరలేవు. మెల్లగా తీసి పక్క కొమ్మ మీద పెట్టి, పిల్లిని తరిమేసి, మీరు దూరంగా నిలబడండి. తల్లి పురుగు నోట కరుచుకుని వస్తుంది.

మీ అమ్మమ్మ