మిషన్ లేకుండా గురక తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

"మిషన్ మాత్రం వద్దు డాక్టర్ గారూ, ఇంకేదైనా దారి ఉంటే చెప్పండి." స్లీప్ టెస్ట్ రిపోర్టు పట్టుకుని నా ముందు కూర్చున్నవాళ్లలో చాలామంది మొదటి మాట ఇదే. నేను ఈఎన్‌టీ డాక్టర్ని. వాళ్ల విసుగు నాకు తెలుసు, రాత్రంతా మొహానికి మాస్కు, పక్కన ట్యూబు, కరెంటు పోతే టెన్షన్. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కోలిన్ సల్లివన్, ఆయన బృందం లోకానికి చూపించిన ఆ సీపాప్ (మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారి మూసుకోకుండా చూసే మిషన్) ఇప్పటికీ స్లీప్ ఆప్నియాకి, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే ఈ జబ్బుకి, అన్నిటికంటే గట్టి వైద్యమే, కాకపోతే అటక మీద పెట్టేసిన మిషన్ ఎవరికీ పనిచేయదు. మిషన్ లేకుండా నెట్టుకొచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్లెవరన్న దగ్గరే గందరగోళమంతా.

అపోహ: గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నట్టే.

ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో చూపిస్తారు. గురక జోరుగా నడుస్తూ నడుస్తూ ఠక్కున ఆగిపోతుంది, ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి కానీ గాలి మాత్రం కదలదు, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు పెద్ద శబ్దంతో మళ్లీ ఊపిరి అందుకుంటారు. ఇలా కనీసం 10 సెకన్లు ఊపిరి ఆగడమే ఆప్నియా. గంటకి సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, బాగా తగ్గిందో కలిపి లెక్కేసిన అంకె రిపోర్టులో ఏహెచ్ఐ పేరుతో ఉంటుంది. పెద్దవాళ్లలో 5 లోపు ఉంటే ఫర్వాలేదు, 15 లోపు తక్కువ తీవ్రత, 15 నుంచి 30 మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఈ అంకె చూడకుండా మిషన్ కావాలా వద్దా అని వాదించుకోవడం దండగ.

అపోహ: గురక ఆగిందంటే జబ్బు పోయినట్టే.

నాకు అన్నిటికంటే భయం ఈ నమ్మకంతోనే. గురక అంటే గొంతులో మెత్తటి భాగాలు అదిరే శబ్దం. కొండనాలుక దగ్గర ఆపరేషన్ చేశాక ఆ అదురు తగ్గి, గది నిశ్శబ్దమైపోయి, ఊపిరి మాత్రం నాలుక వెనక ఎప్పటిలాగే ఆగుతూ ఉండొచ్చు. ఇంట్లోవాళ్లకి నిద్ర పడుతుంది, పేషెంటుకి ఆక్సిజన్ పడిపోతూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో అమ్మే ముక్కు క్లిప్పులు, నోటికి అంటించే టేపులు చూసి మురిసిపోవద్దు (ముక్కు బిగిసినవాళ్లు నోటికి టేపు వేసుకోవడం ప్రమాదం కూడా). ఏ వైద్యం చేయించుకున్నా తర్వాత మళ్లీ స్లీప్ టెస్ట్ చేయించాల్సిందే. శబ్దం తగ్గిందని ఇంట్లోవాళ్లు చెప్పే మాట చాలదు.

అపోహ: పక్కకి తిరిగి పడుకుంటే సరిపోతుంది.

కొందరికి నిజంగానే సరిపోతుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి దారి మూసేస్తుంది. మీ రిపోర్టులో సుపైన్ అనే వరుస వెతకండి, వెల్లకిలా ఉన్నప్పటి అంకె, పక్కకి తిరిగినప్పటి అంకె విడివిడిగా ఇస్తారు. మొదటిది 28 ఉండి రెండోది 4 ఉంటే మీరు అదృష్టవంతులు. పాత టీషర్టు వీపు మధ్యలో జేబు కుట్టించి అందులో టెన్నిస్ బంతి పెట్టుకోండి, వెల్లకిలా తిరగ్గానే గుచ్చుకుని మళ్లీ పక్కకి తిరుగుతారు. నవ్వొచ్చే పద్ధతే, పనిచేస్తుంది, కానీ నెల తిరక్కుండానే విసుగొచ్చి తీసేసేవాళ్లూ ఉన్నారు. ఎటు తిరిగినా అంకె ఒకటే ఉన్నవాళ్లకి మాత్రం ఈ బంతి దండగ.

అపోహ: బరువు తగ్గితే మిషన్ పక్కన పడేయొచ్చు.

లెక్క చూద్దాం. అమెరికాలో విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి జనాన్ని గమనించి 2000లో చెప్పిందేంటంటే, బరువు 10 శాతం తగ్గితే ఏహెచ్ఐ సగటున 26 శాతం తగ్గుతుందని. అంటే 90 కిలోల మనిషి 81కి వస్తే, 18 ఉన్న అంకె 13 దగ్గరికి రావొచ్చు. అదే 60తో మొదలైతే 44 దగ్గర ఆగుతుంది, అది ఇంకా తీవ్రమే. టిర్జెపటైడ్ ఇంజెక్షన్ గురించి ఈ మధ్య బాగా అడుగుతున్నారు. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర ఆప్నియా ఉన్నవాళ్లకి దాన్ని 2024 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. అది బరువు తగ్గించి పనిచేసే మందు, గురక ఇంజెక్షన్ కాదు, ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. ఇంకో సంగతి, సన్నగా ఉన్నారు కాబట్టి రాదనుకోవద్దు. చిన్న దవడ, పెద్ద టాన్సిల్స్ ఉంటే చాలు. నెలసరి ఆగిన ఆడవాళ్లలో కూడా ఇది పెరుగుతుంది, వాళ్లు గురక అని రారు, నీరసం అని వస్తారు.

అపోహ: దవడ పరికరం ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే చాలు.

ఇది రాత్రి పళ్లకి తొడుక్కుంటే కింది దవడని ముందుకి పట్టి ఉంచేది. వేడినీళ్లలో ముంచి కొరికే రకం వేరు, డెంటిస్టు పై పళ్లకి, కింది పళ్లకి అచ్చు తీసి చేసేది వేరు. డెంటిస్టు చేసిచ్చేదాంట్లో కింది దవడని కొద్దికొద్దిగా ముందుకి జరుపుకుంటూ పోవచ్చు. తక్కువ, మధ్యస్థ తీవ్రత ఉన్నవాళ్లకి మిషన్ తర్వాత నేను ముందు చెప్పేది ఇదే. పొద్దున్నే దవడ నొప్పి, పళ్లు కాసేపు సరిగ్గా కలవకపోవడం, చొంగ కారడం మామూలే, ఏళ్లు గడిస్తే పళ్లు కొంచెం జరగొచ్చు కూడా. పట్టు దొరికేంత గట్టి పళ్లు లేనివాళ్లకి కుదరదు.

అపోహ: గొంతు వ్యాయామాలన్నీ యూట్యూబ్ కబుర్లు.

అన్నీ కాదు. 2009లో బ్రెజిల్‌లో మధ్యస్థ ఆప్నియా ఉన్నవాళ్లతో మూడు నెలలపాటు రోజూ నాలుకకి, అంగిలికి కసరత్తు చేయిస్తే సగటు ఏహెచ్ఐ 22 నుంచి 14 దగ్గరికి వచ్చింది. తగ్గింది, పోలేదు. అంతకుముందు స్విట్జర్లాండ్‌లో డిడ్జెరిడూ అనే ఆస్ట్రేలియా ఊదుడు వాయిద్యం నేర్పించి చూసినా మెరుగు కనిపించింది (అలాగని నాదస్వరం కొనమనడం లేదు).

అపోహ: ఒక పెగ్గు వేస్తే మంచి నిద్ర.

గొంతు కండరాలు ఇంకా వదులైపోతాయి. చాలా రకాల నిద్రమాత్రలతోనూ ఆ భయం ఉంది, అడగకుండా వేసుకోవద్దు.

అపోహ: ముక్కు దూలం సరిచేయిస్తే అంతా పోతుంది.

ముక్కు తెరుచుకుంటుంది, మాస్కు పెట్టుకోవడం సులువవుతుంది. ఒక్క ముక్కు ఆపరేషన్‌తోనే ఆప్నియా పోవడం అరుదు. పిల్లల సంగతి వేరే, చాలామందికి టాన్సిల్స్, ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే టాన్సిల్స్ లాంటి కండ) తీయడమే మొదటి వైద్యం.

ఏహెచ్ఐ 30 దాటి ఆక్సిజన్ బాగా పడిపోతుంటే, మందులు వాడినా బీపీ దిగకపోతుంటే, గుండె జబ్బుంటే పైవన్నీ మిషన్‌తో పాటు చేయండి, మిషన్ బదులు కాదు. లారీ, బస్సు, క్యాబ్ నడిపేవాళ్లకి స్టీరింగ్ ముందు కునుకు పడుతుంటే ముందు బండి ఆపి వైద్యం మొదలుపెట్టండి, మిషన్ మాన్పించే సంగతి మళ్లీ టెస్ట్ చేశాక మాట్లాడుకుందాం.