చెప్పించకండి, చెంత ఉండండి: మనసు గాయపడ్డ పిల్లల గురించి టీచర్ల అపోహలు

విశాఖలో ప్రాథమిక పాఠశాల టీచర్లకు శిక్షణ ఇస్తుంటాను. టీ విరామంలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతారు: "మేడం, వాడేదో దాస్తున్నాడు. ఎలా చెప్పించాలి?"

అపోహ: జరిగిందంతా బయటికి చెప్పిస్తేనే పిల్లల మనసు తేలికపడుతుంది.

వాస్తవం: చెప్పించనక్కరలేదు. నేను చూసినంతలో ఇంత చెరుపు చేసిన అపోహ మరొకటి లేదు. అపాయం దాటినా పిల్లల ఒళ్లు ఇంకా కాపలా కాస్తూనే ఉంటుంది. నలుగురి ముందు గుచ్చి గుచ్చి అడిగితే బడి కూడా భయపడే చోటైపోతుంది. హుద్‌హుద్‌ తుఫానును (2014) చూసిన ఊరు మనది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకైతే జనం నిద్రలోంచి లేచి పరుగులు తీశారు. తలుపు దభాలున కొట్టుకుంటే బల్ల కింద దూరే పిల్లను "నాటకాలు" అనడానికి నోరెలా వస్తుంది?

జాలరిపేట వైపు ఒక బడిలో మూడో తరగతి పిల్లవాడు గాలి పెరిగితే చాలు, గుమ్మం దగ్గరికి పోయి నిలబడేవాడు. తండ్రి సముద్రంలో చేపల వేటకు వెళ్తాడు. టీచరమ్మ ఆరా తీయలేదు. వాడి చోటు గుమ్మం పక్కకు మార్చింది. రోజూ బోర్డు మూలన ఆనాటి వరుస రాసేది: తెలుగు, లెక్కలు, భోజనం, ఆటలు. తనిఖీ వచ్చి ఆటలు పోతాయంటే ఉదయమే చెప్పేది. "లేవాలంటే అడిగి లే" అన్న నియమం మాత్రం సడలించలేదు. కొన్ని వారాలకు వాడు గుమ్మంలో నిలబడే ఎక్కాలు అప్పజెప్పసాగాడు.

"మాకు కౌన్సెలింగ్ రాదు" అని బెంగపడే టీచర్లకు నేను చూపేది ఈమెనే. ఐదు తరగతులూ ఒంటిచేత్తో ఈడ్చేవారికి ఆ బెంగ సహజమే. అయితే ఇందులో కౌన్సెలింగ్ ఎక్కడుంది?

అపోహ: దెబ్బ పడందే దారికి రారు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇంకా దీనిమీద చర్చేమిటి?

అపోహ: చిన్నపిల్లలు, మరచిపోతారు.

వాస్తవం: మాట మరచినా భయం మరవరు.

అపోహ: పిల్లలు నమ్మి చెప్పింది ఎవరికీ చెప్పకూడదు.

వాస్తవం: అడగకుండానే పిల్లలు లైంగిక వేధింపు గురించి చెబితే అది రహస్యం కాదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం (2012) ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. పిల్లల సాయానికి 1098 ఫోన్ నంబరు ఉంది. "ఎవరికీ చెప్పను" అని ముందే మాట ఇచ్చేయకండి. "నీకు సాయం చేయగలవాళ్లకు మాత్రమే చెబుతాను" అనండి.